ఖాసిం సాబ్ తాగిన టీ

ఖాసిం సాబ్ టీ తాగాడు. కప్పులోది సాసర్లోకి ఒంపుకుని, రెండుసార్లు ఊదుకుని, చప్పుడు చేస్తూ చివరి గుక్క దాకా తాగి, ఖాళీ కప్పును సాసరు మీద బోర్లించాడు. గోదాము గుమ్మం దగ్గర చేతులు వెనక్కి కట్టుకుని నిలబడిన ఆయన బావమరిది యాకూబ్ మొహంలోకి అప్పుడు నెత్తురొచ్చింది. అమ్మేవాళ్ల మేనేజరు పెద్దగా నవ్వి, "ఇగ ఖుషీనా భాయ్?" అన్నాడు. భద్రాచలంలో గోదావరి ఒడ్డుకు రెండు వీధుల ఇవతల, ఆ మధ్యాహ్నం, ఒక విదేశీ స్పోర్ట్స్ కారు ఇంజనూ, దానికి అతుక్కుని ఉన్న గేర్‌బాక్సూ అమ్ముడుపోయాయి. ఆ రెండూ నెల కిందటి వరదలో మునిగి ఉన్నవని అప్పటికి నాకు తెలుసు. కెమెరా మెడలో వేసుకుని నాలుగడుగుల దూరంలో ఉన్నాను. నేను నోరు విప్పలేదు.

ఒక ముసలి మెకానిక్ టీ తాగడంలో ఏముందని అనిపించవచ్చు. ఖమ్మం చుట్టుపక్కల వాడిన ఇంజన్లు కొని అమ్మేవాళ్లలో ఆ రోజుల్లో ఒక పద్ధతి ఉండేది. అమ్మేవాడి మొహం మీద ఇది పనికిరాదు అనకూడదు. ఆ మాట బయటికి పొక్కితే దాన్ని తుక్కు కింద కూడా ఎవరూ కొనరు, అమ్మేవాడి బతుకుదెరువు పోతుంది. అందుకని చూసేవాడు మాట్లాడకుండా చూస్తాడు, చేతులు తుడుచుకుంటాడు, అమ్మేవాడు టీ తెప్పిస్తాడు. తాగితే ఇంజన్ మంచిది. పొద్దుటినుంచి కడుపు బాగాలేదని కప్పు పక్కన పెడితే కొనేవాడు మర్యాదగా సెలవు తీసుకుని బండెక్కుతాడు. ఇంకో నియమం కూడా ఉండేది. కొనాలని మనసు పడ్డవాడు ఆ ఇంజన్‌ను ముట్టుకోకూడదు. ఆశతో పెట్టిన చేతికి చెడ్డది కూడా మంచిదిగానే తగులుతుందని వాళ్ల నమ్మకం. ఎంత పేరున్న మెకానిక్ అయినా తాను కొనేదాన్ని తాను చూసుకోడు. ఇంకొకరిని పిలిచి, పదడుగుల అవతల నిలబడి, ఆ కప్పు వైపు చూస్తూ ఉంటాడు. యాకూబ్ ఆ రోజు నిలబడింది అందుకే. నిలబడకుండా వచ్చి ఒక్క వేలు పెట్టి ఉంటే అతని బతుకు వేరే రకంగా గడిచేది.

పోయిన నెలలో, ఖాసిం సాబ్ చనిపోయిన నలభయ్యో రోజున చేసే ప్రార్థనకు, ఫాతిహాకు, రమ్మని ఆయన భార్య జైనబీ ఖాలా కబురు చేస్తే చాలా ఏళ్ల తర్వాత ఖమ్మంలో ఆ సందులోకి వెళ్లాను. ఉద్యోగంలో మొదటి మూడేళ్లు నేను వాళ్ల మేడ మీద గదిలో కిరాయికి ఉన్నాను. బోనకల్ పక్క పల్లె నుంచి వచ్చిన ఒంటరి ఆడపిల్ల, పేపర్లో విలేకరి, ఏ వేళకు పోతుందో ఏ వేళకు వస్తుందో తెలియదంటే ఊళ్లో ఎవరూ గది ఇవ్వలేదు. జైనబీ ఖాలా నన్ను పైనుంచి కిందికి చూసి, "మా ఇంట్ల రోజూ నీసు వండుతం. వాసనొస్తదని రేపు ముక్కు మూసుకుంటే ఊకోను" అని తాళంచెవి చేతిలో పెట్టింది. నీసు వాసన నన్ను ఎన్నడూ ఇబ్బంది పెట్టలేదు. ఆ ఇంటి అసలు వాసన వేరే. వాకిట్లో పాత డీజిలు, గ్రీజు, నూనె పీల్చుకున్న రంపపు పొట్టు. వంటింట్లో మరుగుతున్న చింతపండు, మాడీమాడని ఉల్లి. రెండూ కలిసే నడవలో ఖాసిం సాబ్ అంగీ ఒక మేకుకు వేలాడేది. దాని పక్క నుంచి పోయిన ప్రతిసారీ ఎవరో మనిషి అక్కడ నిలబడి చూస్తున్నట్టే ఉండేది. ఇంట్లో వాళ్లు ఉర్దూ మాట్లాడుకునేవాళ్లు, నేను కనబడితే తెలుగులోకి మారేవాళ్లు. తిట్లకు మాత్రం ఆ తేడా లేదు.

తెల్లవారగానే ఆయన వాకిట్లో బండ మీద కళ్లు మూసుకుని కూర్చునేవాడు. సందు చివర బస్టాండు. ఒక్కో బస్సు బయల్దేరుతుంటే చెవి అటు తిప్పేవాడు. ఎదురుగా యాకూబ్ గొంతుకూర్చోవాలి.

"వైరా బండి. చెప్పు, ఏమైంది దానికి?"

"ఫ్యాన్ బెల్టు, ఉస్తాద్."

"బెల్టు నీ నడుముకున్నది. దానికి నాజిల్ కారుతున్నది. పో."

పో అంటే ఆ పూట టీ లేదని. అప్పటికి యాకూబ్‌కు ముప్పై అయిదేళ్లు. పెళ్లయింది, ఇద్దరు ఆడపిల్లలు. అక్క పెళ్లయిన కొత్తలో ఆమె వెంట ఆ ఇంటికి వచ్చి, అక్కడే పని నేర్చుకుని, అక్కడే గడ్డం మొలిచినవాడు. అతని కుడి అరచేతి మధ్యలో రూపాయి బిళ్లంత నున్నటి మచ్చ ఉండేది. పని నేర్చుకునే రోజుల్లో, నడుస్తున్న ఇంజన్ నుంచి అప్పుడే ఊడదీసిన ప్లగ్గు ఆ చేతిలో పెట్టి వేళ్లు మూశాడట ఖాసిం సాబ్. ఈ సంగతి నాకు చెప్పింది ఆయనే, యాకూబ్ ముందే, మంచి విషయం చెబుతున్నట్టు. "ఏడ్వలే వీడు. ఏడిస్తే ఆ దినమే వాపస్ పంపుదును. ఇప్పుడు చూడు, వేడి ఎంతున్నదో చెయ్యి పెట్టి చెప్తడు, మీటరు అక్కర్లే." యాకూబ్ నవ్వాడు. ఆ నవ్వులో ఎక్కడైనా కోపం ఉందేమోనని చూశాను. లేదు. అది చూసి నాకు భయమేసింది. జైనబీ ఖాలా మాత్రం రోజూ వంటింటి కిటికీలోంచి తమ్ముడికి స్టీలు గ్లాసులో టీ అందించేది. ఖాసిం సాబ్‌కు తెలుసు. తెలిసీ ఊరుకునేవాడు. ఆ గ్లాసు దొంగతనంగా అందుకుంటున్నప్పుడు బావమరిది వంగే తీరు ఆయనకు ఇష్టమని నా అనుమానం.

ఇంత చూసీ నేను ఆయన్ని అసహ్యించుకోలేదు. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది కానీ, నేను ఆయన అభిమానిని. ఆ వయసులో నాకు పని తెలిసిన మనుషులంటే పిచ్చి. లారీ ఇంజన్ మీద పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని ఆయన వింటుంటే వాకిట్లో ఎవరూ దగ్గేవాళ్లు కాదు. వైరా, ఎర్రుపాలెం, కొత్తగూడెం, సత్తుపల్లి, ఎక్కడ ట్రాక్టరు చేతులు మారినా, జీపు చేతులు మారినా, ఆయన్ని తీసుకుపోవడానికి బండి వచ్చేది. నేను ఆయన మీద ఆదివారం పేజీకి పెద్ద వ్యాసం రాయాలని ఆరు నెలలు వెంట తిరిగాను. ఆయన కూడా నాకు ఓపికగా చెప్పేవాడు. "ఆయిల్ మారుస్తరు బేటీ. బయట డీజిల్ తోని కడుగుతరు, రంగేస్తరు. గేర్‌బాక్సు కింద ఆయిల్ ఒంపే బొక్క ఉంటది గదా, దాని పెదవికి లోపల ఎనక పక్క ఒక గుంట. గాడికి ఎవని చెయ్యి పోదు. నీళ్లల్ల మునిగిన బండైతే ఆ గుంటల బురద కూసుంటది. నూరు సార్లు ఆయిల్ మార్చు, పోదు. అన్ని చూసినంక ఆఖరుకు నేను గాడనే ఏలు పెడత." ఈ మాటలు వ్యాసంలో ఉన్నవి ఉన్నట్టే పెట్టాను.

నేను వచ్చిన రెండో ఏడు యాకూబ్ వెళ్లిపోయాడు. భద్రాచలం వంతెనకు ఇవతల సారపాకలో సొంత దుకాణం పెట్టాడు. వెళ్లేముందు ఉస్తాద్ కాళ్లకు మొక్కాడు, ఉస్తాద్ కాళ్లు వెనక్కి తీసుకున్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. సారపాకలో ఎవరో, నీ బావను కాదని నీ దగ్గరికి ఎందుకు రావాలని అడిగితే, "ఉస్తాద్‌కు ఇప్పుడు చెవి తగ్గింది భాయ్, నాకైతే రెండున్నయి" అన్నాడట నవ్వుతూ. ఆ మాట నూట ఇరవై కిలోమీటర్లు ప్రయాణం చేసి మూడో రోజుకు మా సందులోకి వచ్చింది. అది విని ఖాసిం సాబ్ కంచం పక్కకు నెట్టాడు. మూడు రోజులు అన్నం ముట్టలేదు. నాలుగో రోజు కంచం ముందు కూర్చుని, "వస్తడు" అన్నాడు. ఎవరు, ఎందుకు అని అడిగే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు.

ఇక ఆ కారు. భద్రాచలంలో తునికాకు కాంట్రాక్టరు ఒకాయన అల్లుడి కోసం ఎక్కడినుంచో తెప్పించాడు. ఎర్ర రంగు, రెండే సీట్లు, మోకాలెత్తు. పాల్వంచ అడవి దారిలో పోతుంటే గూడేల వాళ్లు పని మానేసి రోడ్డు మీదికి వచ్చేవాళ్లు. ఇంజన్ ముందు కాకుండా సీట్ల వెనక ఉండేది. గేర్లూ, చక్రాలను తిప్పే భాగమూ వేరువేరుగా కాకుండా ఒకే పెట్టెలో ఇంజన్‌కు అతికి ఉండేవి. దాన్ని ట్రాన్సాక్సిల్ అంటారని నేను తర్వాత తెలుసుకున్నాను. మెకానిక్కులు జోడీ డబ్బా అనేవాళ్లు. అల్లుడు ఒక మలుపులో బర్రెను తప్పించబోయి కల్వర్టుకు కొట్టాడు. ముందు భాగం రేకుల కుప్ప అయింది, వెనకనున్న ఇంజనూ జోడీ డబ్బా చెక్కుచెదరలేదు. రెండూ విప్పి గోదాములో పెట్టారు. హైదరాబాద్‌లో అదే రకం కారున్న ఒకాయనకు అవి కావాలి. కొని అక్కడికి చేరిస్తే యాకూబ్ దుకాణం నిలబడుతుంది. అప్పటిదాకా అతని దగ్గరికి మోపెడ్లూ, పంపుసెట్లూ తప్ప ఏమీ రావడంలేదు. దానికోసం దుకాణంలో ఉన్నదంతా కుదువ పెట్టి పైకం సిద్ధం చేసుకున్నాడు. కానీ కొనేవాడు తాను కాబట్టి తాను చూడకూడదు. హైదరాబాద్ ఆయన కూడా ఖాసిం సాబ్ చూస్తేనే తీసుకుంటానన్నాడు.

అలా ఒక ఉదయం యాకూబ్ వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. నేను లోపల పీట మీద ఉప్మా తింటున్నాను.

"ఆపా, నువ్వే చెప్పాలె ఉస్తాద్‌కు. జిల్లాల ఇంకెవలున్నరు?"

"నీకు నోరున్నదిగా," అంది జైనబీ ఖాలా. "ఊరంత తిరిగి ఆయన చెవి పోయిందన్న నోరు. గదే నోటితోని అడుగు."

"నవ్వులాటకన్న."

"నీ నవ్వులాటకు మూడు దినాలు ఈ ఇంట్ల అన్నం పారవోసిన."

వాకిట్లోంచి ఖాసిం సాబ్ గొంతు వినిపించింది, వెనక్కి తిరగకుండానే. "ఎవలే ఆ వచ్చింది? చెవి పోయినోన్ని, గొంతు గుర్తువట్టలే."

యాకూబ్ లేచి వెళ్లి పాత చోటులోనే గొంతుకూర్చున్నాడు. "తప్పయింది ఉస్తాద్."

"ఎంత తప్పు? గేజ్ పెట్టి చూసినవా? ఎన్ని పాయింట్లొచ్చింది?"

పనివాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను, బాగుందని గుర్తు కూడా పెట్టుకున్నాను వ్యాసంలోకి. యాకూబ్ తల దించుకున్నాడు. బస్టాండులో రెండు బస్సులు కదిలేదాకా అతన్ని అలాగే ఉంచి, "శుక్రవారం పొద్దుగాల నమాజ్ అయినంక పోదాం. నువ్వు గుమ్మం దాటి లోపటికి రావద్దు. ఒక్క అడుగు ఏసినవంటే జీపెక్కుతా" అన్నాడు ఖాసిం సాబ్. యాకూబ్ ఆయన చెయ్యి పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. ఈసారి ఆయన వెనక్కి తీసుకోలేదు.

ఫోటోల కోసం నేనూ వెళ్లాను. అంతకుముందు నెలలో గోదావరి మూడో ప్రమాద హెచ్చరిక దాటినప్పుడు రెండు వారాలు భద్రాచలంలోనే ఉండి వార్తలు పంపాను. పడవలో తిరుగుతుంటే ఈ గోదాము బోర్డు మీద పై వరస అక్షరాలు మాత్రమే నీళ్ల మీద కనిపించడం నాకు గుర్తుంది. మేనేజరు అడగకుండానే చెప్పాడు. "వరదొస్తదని ముందే పక్కింటి డాబా మీదికి ఎక్కించినం సాబ్. ఒక్క చుక్క తగల్లే." గోడలకు కొత్త సున్నం. ఇంజన్‌లో కొత్త ఆయిల్. ఖాసిం సాబ్ ఒకసారి చుట్టూ తిరిగాడు, ఏమీ ముట్టుకోకుండా. తర్వాత ప్లగ్గులు ఒక్కొక్కటే ఊడదీసి రుమాలు మీద వరసగా పేర్చాడు. బ్యాటరీ తగిలించి తిప్పించి, ఒక్కో బొక్క మీద బొటనవేలు ఆనించి గాలి తోపు చూశాడు, తర్వాత గేజ్ పెట్టి అదే చూశాడు. క్రాంకును రాడ్డుతో చేత్తో తిప్పి, స్క్రూడ్రైవరు పిడికి చెవి పెట్టి విన్నాడు. జోడీ డబ్బాకు ఇటు పక్క చక్రపు బిళ్లను గట్టిగా పట్టుకుని అటుపక్కది తిప్పమన్నాడు, పళ్ల మధ్య సందు ఎంతుందో తెలియడానికి. ఒక్కో గేరు వేసి తీశాడు. అన్నీ అయ్యాక కింద గిన్నె పెట్టించి ఆయిల్ ఒంపించాడు. తేనెలాగా, మచ్చలేకుండా దిగింది. అప్పుడు చూపుడువేలు ఆ బొక్కలోకి కణుపు దాకా పెట్టి, వెనక్కి వంచి, తీశాడు.

వేలి కొసన బూడిద రంగు పూత ఉంది. తలుపులోంచి పడుతున్న ఎండలో అది సన్నగా మెరిసింది. ఆ మెరుపు నాకు తెలుసు. రెండు వారాలు నా చెప్పుల్లో, జుట్టులో, కెమెరా సంచి జిప్పులో ఉన్న మట్టి అది. గోదావరి ఒండ్రు పౌడరులాగా మెత్తగా ఉంటుంది, అందులో అభ్రకం తళుకు ఉంటుంది, ఒకసారి చూసినవాళ్లు మరిచిపోరు. ఖాసిం సాబ్ దాన్ని బొటనవేలితో నలిపాడు. చాలాసేపు నలిపాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. దూదిపీచుతో తుడిచేశాడు. తల ఎత్తి గుమ్మంలో నిలబడిన బావమరిది వైపు చూశాడు. ఆ చూపును నేను ఎన్నిసార్లు గుర్తుచేసుకున్నానో లెక్కలేదు. తర్వాత మేనేజరు వైపు తిరిగి, "టీ చెప్పిన్రా?" అన్నాడు.

నేనెందుకు మాట్లాడలేదో ఇన్నేళ్లలో రకరకాలుగా చెప్పుకున్నాను. విలేకరి చూడాలే తప్ప వేలు పెట్టకూడదని కొన్నాళ్లు. అంత పెద్దవాడికి తెలియంది నాకేం తెలుసునని కొన్నాళ్లు. నిజం ఇంతకంటే చిన్నది. నా వ్యాసం గురువారమే డెస్కుకు వెళ్లిపోయింది. ఆదివారం పేజీ కట్టేశారు, ఒక్క ఫోటోకు చోటు వదిలారు. పేజీ మొత్తం నా పేరుతో రావడం అదే మొదటిసారి. శీర్షిక "చెయ్యి తప్పని ఖాసిం సాబ్". చేతికి మట్టి అంటి కూడా ఆయన టీ తాగాడని నేను ఆ గోదాములో అంటే, ఆ శీర్షిక కింద రాయడానికి ఏమీ మిగలదు. అంతే. తిరుగు దారిలో పాల్వంచలో ఆయన జీపు ఆపించి జైనబీ ఖాలా కోసం జామపళ్లు కొన్నాడు. నా వైపు ఒకటి విసిరి, "ఫోటో మంచిగొచ్చిందా బేటీ?" అన్నాడు. వచ్చింది సాబ్ అన్నాను.

ఆదివారం పేపరు యాకూబ్ పది కాపీలు కొన్నాడని తర్వాత తెలిసింది. ఇంజనూ డబ్బా వ్యానులో వేసుకుని హైదరాబాద్ వెళ్తూ, ఆ పేజీ కత్తిరించి ప్లాస్టిక్ కాగితంలో పెట్టి తీసుకెళ్లాడు. అక్కడ కారుకు బిగించారు. మూడు రోజులు బాగానే నడిచింది. నాలుగో రోజు వేగంగా పోతుండగా జోడీ డబ్బాలో బేరింగు పగిలి వెనక చక్రాలు రెండూ బిగుసుకుపోయాయి. బండి గిర్రున తిరిగింది, నడిపేవాడి మెడ ఎముక విరిగింది, ప్రాణం మాత్రం దక్కింది. డబ్బా విప్పితే పిడికెడు ఒండ్రు. హైదరాబాద్ వాళ్లు మనుషుల్ని వేసుకుని సారపాక వచ్చారు. వెల్డింగ్ మిషను, కంప్రెసరు, ఆఖరికి బోర్డు మీది ట్యూబులైటు కూడా విప్పుకుపోయారు. పోతూ పోతూ ఒక మాట అడిగారు. దీన్ని చూసింది ఆ ముసలాయనేనా?

యాకూబ్ కాదన్నాడు. "ఉస్తాద్ టీ తాగలే. నేనే ఆశకు కొన్న. పేపరు చూపెట్టి మిమ్ముల మోసం చేసిన" అన్నాడు. ఆ అబద్ధంతో అతను ఈ వృత్తిలో చచ్చిపోయాడు. ఉస్తాద్ వద్దన్నా కొని, ఆయన పేరు చెప్పి అమ్మినవాడిని ఇక ఎవరు ఇంజన్ చూడమని పిలుస్తారు? ఎందుకట్లా చెప్పావని తర్వాత ఒకరోజు అడిగాను. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ముసలోడైండు చెల్లె. ఆయన చెయ్యి తగ్గింది, ఎవలికి తెల్వదు. గా మాట బయట పడితే మా ఆపా ఏం తింటది? చెవి పోయిందని నేను కూసినందుకే నిజంగ పోయిందేమో అనిపిస్తది నాకు." ఆ రోజు చెప్పి ఉండొచ్చు. ఆయన చెయ్యి తగ్గలేదు, నీ మీద కసితో తాగాడు అని చెప్పి ఉండొచ్చు. అప్పటికి నేను అలాగే నమ్ముతున్నాను. చెబితే, మరి నువ్వెందుకు ఊరుకున్నావని అడుగుతాడు.

అతను సంచి భుజాన వేసుకుని తిరిగి వచ్చిన ఉదయం నేను మెట్ల మీద నుంచి చూశాను. ఖాసిం సాబ్ లేవలేదు. "సంచి గా మూలకు పెట్టు. ఆ ట్రాక్టరు గేర్‌బాక్సు ఇప్పు. కడిగినంక నాకు చూపెట్టు" అన్నాడు, నిన్న సాయంత్రం వెళ్లి ఇవాళ వచ్చినవాడితో అన్నట్టు. ఆ మధ్యాహ్నం ఆయన రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. ఊరు యాకూబ్‌కు "నీళ్ల యాకూబ్" అని పేరు పెట్టింది. ఆ పేరు పుట్టింది ఆ వాకిట్లోనే. కొత్త గిరాకీ ఎవరొచ్చినా ఖాసిం సాబ్ స్పానరుతో చూపించి, "వీడే, గోదావరి నీళ్లు కొన్నోడు. నేను వద్దంటే ఇనలే" అనేవాడు. యాకూబ్ తన కోసం ఆడిన అబద్ధాన్ని ఆయన అలా రోజూ అతని మీదే వాడుకున్నాడు. యాకూబ్ నవ్వేవాడు. తర్వాత నాకు హైదరాబాద్ డెస్కుకు బదిలీ అయింది. ఆ వ్యాసానికి మంచి పేరొచ్చింది కూడా, బదిలీలో దానికీ కొంత వంతు ఉంది.

ఇప్పుడు ఆ సందులో మెకానిక్కులు బండికి వైరు తగిలించి ఫోన్‌లో చూస్తున్నారు. తప్పేదో ఎర్ర అక్షరాల్లో వస్తుంది. అమ్మేవాడు వీడియో తీసి పంపుతాడు, కొనేవాడు ఇంట్లో కూర్చుని బేరం ఆడతాడు. టీ ఎవరూ చెప్పరు. ఈ మార్పుకు నేను బాధపడలేదు. ఆ యంత్రానికి గుంటలో బురద కనిపించదు, నిజమే. కానీ దానికి బావమరిది లేడు, మూడు రోజులు అన్నం మానేసిన కోపం లేదు. ఆ రోజుల్లో మనుషులు పని మీద ప్రాణం పెట్టేవాళ్లని నేనే చాలాసార్లు రాశాను. ఆ ప్రాణం ఎవరిదో రాయలేదు. ఫాతిహా రోజు యాకూబ్ తెల్ల గడ్డంతో అందరికీ నీళ్లు అందిస్తున్నాడు. ఖాసిం సాబ్ చివరి నాలుగేళ్లు మంచం మీద ఉంటే ఒళ్లు తుడిచిందీ, ముద్దలు పెట్టిందీ అతనేనట. చివరి దాకా ముద్ద వేడిగా ఉందనీ, చల్లగా ఉందనీ తిట్లు తిన్నాడట.

వచ్చినవాళ్లు వెళ్లాక జైనబీ ఖాలా నన్ను లోపలికి పిలిచి కూర్చోబెట్టుకుంది. ఆమెకు చూపు ఆనడం లేదు. నా చెయ్యి తడుముతూ ఆయన గురించే మాట్లాడింది. మాటల్లో ఎటో పోతూ, "చేతి ఏళ్లకు సోయి లేకుండె బేటీ ఆయనకు. షుగర్. బీడీ చివరికంట కాలి తోలు కమిలినా తెల్వకపోయేది. వాసన గూడ పోయింది, దగ్గరిది కంటికి ఆనకపోయేది. దవాఖానాకు నేనే తోలుకపోయిన, ఎవలికి చెప్పద్దని నా నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేయించుకుండు" అంది.

"ఎప్పటినుంచి ఖాలా?"

"శానా కాలం కింద. నువ్వు గీడ ఉన్నప్పుడే."

"ఏ ఏడు?"

ఆమె ఆలోచించింది. "యాకూబ్ సారపాకల దుకాణం పెట్టిన ఏడా, దుకాణం పోయినంకనా. గా రెండిట్ల ఒకటి. ఎనకెనకనే వచ్చినయి, నాకు కలిసిపోయినయి. ఎందుకు బేటీ?"

ఊరికే అడిగానన్నాను. దుకాణం పోయిన తర్వాతైతే, గోదాములో ఆయన వేళ్లు బాగానే ఉన్నాయి, ఒండ్రును తెలిసే నలిపాడు, నేను ఇన్నేళ్లు ఆయన్ని అనుకున్నది సరైనదే. దుకాణం పెట్టిన ఏడైతే, ఆయన అంతసేపు నలిపింది ఏమీ తెలియక, వేలి కొసన ఏముందో చూపుకూ ఆనక, అడగడానికి సిగ్గుపడి. గుమ్మం వైపు చూసిన ఆ చూపు కసి కాదు, తను పెంచిన చెయ్యి అక్కడే నిలబడి ఉన్నా పిలిచి చూడమనలేకపోవడం. అప్పుడు అమ్మేవాళ్లు కాక ఆ మట్టి సంగతి తెలిసిన మనిషి ఆ గోదాములో ఒక్కరే ఉన్నారు. ఆమె మెడలో కెమెరా ఉంది.

ఆయన్ని చూసిన డాక్టరు పోయాడు. చీటీలు ఏనాడో పారేశారు. యాకూబ్ నన్ను బస్టాండు దాకా దింపడానికి వచ్చాడు, బస్సు ఎక్కించాడు, నేను అతనికి ఏమీ చెప్పలేదు. ఇంటికి వచ్చిన వారానికి జైనబీ ఖాలాకు ఫోన్ చేశాను. బాగా గుర్తుచేసుకున్నాననీ, దుకాణం పెట్టిన ఏడేననీ అంది. మొన్న మళ్లీ చేశాను. కాదు, దుకాణం పోయినంకనే అంది.